గొట్టాల సంధి: బహుభుజి నమూనాలలో రేఖాగణితం, అంచుల లెక్క

వ్యాససంగ్రహం:

కంప్యూటర్‌లో త్రిపరిమాణ రూపాలను నిర్మించే బహుభుజి సాఫ్ట్‌వేర్‌లలో గొట్టాన్ని తయారు చేయడం సులభం. రెండు గొట్టాలు ఏదో ఒక కోణంలో కలిసే చోటును నునుపుగా, ముడతలు లేకుండా తీర్చడం కష్టం. ఈ కష్టాన్ని సాధారణంగా చేతినైపుణ్యానికి సంబంధించిన విషయంగా భావిస్తారు. నిజానికి ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. గొట్టాలు ఏ రేఖ వెంట కలుస్తాయన్నది మొదటిది. ఆ రేఖ మీద రెండింటి అంచులు ఎలా సరిపోతాయన్నది రెండవది. మొదటిదానికి రేఖాగణితం, రెండవదానికి ఆయిలర్ సూత్రం సమాధానమిస్తాయి. సంధి వద్ద కొన్ని విశేషశీర్షాలు తప్పనిసరి అనీ, వాటి లెక్కను గొట్టాల సంఖ్య నిర్ణయిస్తుందనీ, నిర్మాత చేతిలో ఉన్నది వాటి స్థానాన్ని ఎన్నుకోవడమేననీ సైకిల్ చట్రం ఉదాహరణగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బహుభుజి జాలం, గొట్టాల సంధి, శీర్షం, అంచు, విశేషశీర్షం, ఆయిలర్ సూత్రం, ఉపవిభజన, బూలియన్.

1. ఉపోద్ఘాతం:

బ్లెండర్, మాయా, త్రీడీఎస్ మ్యాక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో వస్తువు ఉపరితలం చిన్న చిన్న బహుభుజుల వలగా ఉంటుంది. ఈ వలనే బహుభుజి జాలం అంటారు. పాఠశాల గణితంలో ఘనానికి చెప్పే శీర్షం, అంచు, ముఖం అనే మూడు మాటలే దీనికీ చాలు. బిందువు శీర్షం, రెండు శీర్షాలను కలిపే రేఖాఖండం అంచు, అంచుల మధ్య ఉన్న తలం ముఖం. ఇక్కడ గుండ్రని గొట్టం నిజంగా గుండ్రంగా ఉండదు. అది ఎనిమిదో, పన్నెండో, పదహారో భుజాలున్న పట్టకం. దానిని నునుపుగా చూపే పని ఉపవిభజన అనే ప్రక్రియది. ఎడ్విన్ క్యాట్‌మల్, జిమ్ క్లార్క్ 1978లో ప్రతిపాదించిన పద్ధతి నేడు ఎక్కువగా వాడుకలో ఉంది. అది ప్రతి ముఖాన్నీ చిన్న చతుర్భుజాలుగా విభజిస్తూ, శీర్షాలను సగటు స్థానాలకు జరుపుతూ, గరుకైన రూపాన్ని నునుపు చేస్తుంది. పిక్సార్ సంస్థ 1997లో నిర్మించిన లఘుచిత్రం ‘జెరీస్ గేమ్’తో ఉపవిభజన తలాలు చలనచిత్ర నిర్మాణంలో ప్రసిద్ధికెక్కాయి.

ఈ ప్రక్రియ చతుర్భుజాల మీద చక్కగా పనిచేస్తుంది. ఒకే గొట్టం మీద చతుర్భుజాలు క్రమంగా పరుచుకొని ఉంటాయి కనుక సమస్య ఉండదు. మరొక గొట్టం వచ్చి చేరగానే ఆ క్రమం చెదురుతుంది. వెలుగు పడినప్పుడు సంధి దగ్గర మచ్చలు, గుంటలు, నొక్కులు కనిపిస్తాయి. మెట్లను మాత్రమే కంఠస్థం చేసిన విద్యార్థి లంబకోణంలో సంధిని చేయగలిగినా, కోణం మారగానే ఆగిపోతాడు. కారణం తెలిసినవాడికి కోణం మారినా, వ్యాసం మారినా దారి తెలుస్తుంది.

2. అతుకు, సంధి - పరిభాష:

రెండు గొట్టాలను కలపడానికి రెండు మార్గాలున్నాయి. ఒక గొట్టాన్ని మరొకదానిలోకి దూర్చి వదిలేయవచ్చు. దూరం నుంచి చూస్తే కలిసినట్టే ఉంటుంది కానీ, రెండు జాలాలకూ ఉమ్మడి శీర్షం ఒక్కటీ ఉండదు. దీనిని అతుకు అనవచ్చు. రెండవ మార్గంలో ప్రధానగొట్టంలో ఒక రంధ్రం చేసి, ఆ రంధ్రపు అంచుల వలయాన్నీ శాఖాగొట్టం కొసనున్న వలయాన్నీ ఏకం చేస్తారు. పన్నెండు శీర్షాల వలయాలు రెండు కలిసి పన్నెండు శీర్షాల వలయం ఒక్కటే మిగులుతుంది.

ఈ రెండవదానికి సంధి అనే మాట తగినది. పూర్వస్వర, పరస్వరాలు రెండింటికీ బదులుగా పరస్వరం ఒక్కటే ఆదేశంగా రావడాన్ని బాలవ్యాకరణం సంధి అంటుంది. ‘అతడు + ఎక్కడ’ అన్నప్పుడు రెండు అచ్చుల చోట ఒక్కటే నిలిచి ‘అతడెక్కడ’ అవుతుంది. పదాలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన సంధి కానట్టే, గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చినంత మాత్రాన సంధి కాదు. రెంటికి బదులు ఒకటి రావడమే రెండు చోట్లా లక్షణం. ఈ వ్యాసంలో సంధి అనే మాటను ఈ అర్థంలోనే వాడటం జరిగింది.

3. గొట్టాలు కలిసే రేఖ:

3.1 సమాన వ్యాసం, ఒకే మలుపు: ప్లంబర్లు ఎల్బో అని పిలిచే మలుపులో రెండు సమాన గొట్టాలు కొసన కలుస్తాయి. ఆ రెండు అక్షాల మధ్యకోణాన్ని సమద్విఖండన చేసే తలంలో సంధిరేఖ ఉంటుంది. స్థూపాన్ని ఏటవాలుగా కోస్తే వచ్చేది దీర్ఘవృత్తం. దాని హ్రస్వాక్షం గొట్టం వ్యాసానికి సమానం. దీర్ఘాక్షం పొడవు, వ్యాసాన్ని మధ్యకోణంలో సగం యొక్క సైన్ విలువతో భాగిస్తే వస్తుంది. మధ్యకోణం 120 డిగ్రీలైతే దీర్ఘాక్షం వ్యాసానికి 1.155 రెట్లు, 90 డిగ్రీలైతే 1.414 రెట్లు, 60 డిగ్రీలైతే సరిగ్గా రెండు రెట్లు ఉంటుంది.

తరచుగా కనిపించే ఒక లోపానికి కారణం ఇక్కడే ఉంది. గొట్టం కొసను సాగదీసి, వలయాన్ని సగం కోణానికి తిప్పి, మళ్లీ సాగదీస్తే మలుపు వస్తుంది. కానీ తిప్పిన వలయం ఇంకా వృత్తంగానే ఉంటుంది. అందువల్ల లంబకోణపు మలుపు దగ్గర గొట్టం తన మందంలో 0.707 వంతుకు నొక్కుకుపోతుంది. ఆ వలయాన్ని మలుపు దిశలో 1.414 రెట్లు సాగదీస్తే మందం తిరిగి వస్తుంది.

3.2 సమాన వ్యాసం, శాఖ: ప్రధానగొట్టం మధ్యలో అంతే వ్యాసమున్న శాఖ వచ్చి చేరినప్పుడు కూడా సంధిరేఖ సమతల వక్రాలతోనే ఏర్పడుతుంది. ఒకే గోళాన్ని చుట్టి తాకుతూ ఉన్న రెండు ద్వితీయఘాత తలాలు రెండు సమతల వక్రాలలో ఖండించుకుంటాయన్న సిద్ధాంతం ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్ పేరుతో ప్రసిద్ధం. సమాన వ్యాసంతో, అక్షాలు కలిసే గొట్టాలు రెండూ అక్షాల ఖండన బిందువు వద్ద ఒకే గోళాన్ని తాకుతాయి. అందువల్ల ఇక్కడ రెండు దీర్ఘవృత్తాల సగభాగాలు కలిసి సంధిరేఖ అవుతుంది. ఆ రెండు సగాలూ గొట్టానికి ఇరుపక్కలా రెండు బిందువుల వద్ద కలుసుకుంటాయి. ఈ రెండు బిందువుల ప్రాముఖ్యం నాలుగవ విభాగంలో మళ్లీ కనిపిస్తుంది.

3.3 అసమాన వ్యాసం: శాఖ సన్నగా ఉంటే సంధిరేఖ ఏ తలంలోనూ ఇమడదు, గుర్రపు జీనులా పైకీ కిందికీ వంగుతుంది. సంప్రదాయ ఉక్కు రేసింగ్ సైకిళ్లలో సీటు గొట్టం బయటి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు, పై గొట్టానిది 25.4 మిల్లీమీటర్లు. ఈ రెండూ లంబంగా కలుస్తాయనుకుంటే, వ్యాసార్ధాలు 14.3, 12.7 అవుతాయి. వాటి వర్గాల భేదానికి వర్గమూలం సుమారు 6.57. దీనిని 14.3 నుంచి తీసివేస్తే 7.73. అంటే సంధిరేఖ ఎత్తుపల్లాల మధ్య దాదాపు 7.7 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. చట్రం తయారుచేసే పనివాడు గొట్టం కొసను ఆకురాయితో చేపనోరులా అరగదీసేది ఈ తేడా కోసమే. తెర మీద పనిచేసేవాడు ఆ కొసలోని శీర్షాలను ఇదే వక్రం మీదికి జరుపుతాడు.

3.4 ఏటవాలు: శాఖ ఏటవాలుగా వస్తే రంధ్రం ప్రధానగొట్టం పొడవునా సాగుతుంది. శాఖ వ్యాసాన్ని అక్షాల మధ్యకోణపు సైన్‌తో భాగిస్తే రంధ్రం పొడవు వస్తుంది. వెడల్పు మాత్రం శాఖ వ్యాసమే. పై గొట్టం 73 డిగ్రీల కోణంలో చేరితే 25.4 కాస్తా సుమారు 26.6 మిల్లీమీటర్లవుతుంది, తేడా స్వల్పం. అదే 45 డిగ్రీలైతే 1.414 రెట్లు, 30 డిగ్రీలైతే రెండు రెట్లు. కోణం తగ్గేకొద్దీ రంధ్రం వృత్తంలా కాక, పొడవైన కోడిగుడ్డులా మారుతుందని గుర్తుంచుకోవాలి.

4. అంచుల లెక్క:

సంధిరేఖ ఎక్కడుందో తెలిసినంత మాత్రాన సంధి కుదరదు. ఆ రేఖ మీద అంచులు ఎలా కలవాలన్నది వేరే ప్రశ్న. చతుర్భుజాల క్రమమైన వలలో ప్రతి శీర్షానికీ నాలుగు అంచులు చేరతాయి. దీనిని క్రమశీర్షం అందాం. మూడు, ఐదు, ఆరు అంచులు చేరే శీర్షాన్ని విశేషశీర్షం అందాం. నమూనా నిర్మాతల వ్యవహారంలో దీని పేరు పోల్. క్యాట్‌మల్-క్లార్క్ తలం క్రమశీర్షాల వద్ద వక్రతలో సైతం తెగకుండా సాగుతుంది. విశేషశీర్షాల వద్ద స్పర్శతలం తెగకపోయినా, వక్రత అంత సాఫీగా ఉండదు. మెరిసే లోహపు తలం మీద ప్రతిబింబం నొక్కుకున్నట్టు కనిపించేది అక్కడే. అందుకే వాటిని పూర్తిగా తొలగించాలన్న కోరిక సహజం. అది సాధ్యమా అన్నదే అసలు ప్రశ్న.

ఆయిలర్ 1750లో గోల్డ్‌బాక్‌కు రాసిన లేఖలో పేర్కొన్న సూత్రం ప్రకారం, సొరంగం లేని మూసిన ఘనరూపంలో శీర్షాల సంఖ్య నుంచి అంచుల సంఖ్యను తీసివేసి ముఖాల సంఖ్యను కలిపితే 2 వస్తుంది. ఘనానికి 8 − 12 + 6 = 2. ముఖాలన్నీ చతుర్భుజాలైతే ప్రతి ముఖానికీ నాలుగు అంచులు, ప్రతి అంచూ రెండు ముఖాల ఉమ్మడి ఆస్తి. కనుక అంచులు ముఖాలకు రెట్టింపు. సూత్రంలో దీనిని ఉంచితే ముఖాల సంఖ్య శీర్షాల సంఖ్య కంటే 2 తక్కువని తేలుతుంది. ప్రతి అంచుకూ రెండు కొనలు ఉంటాయి కనుక, అన్ని శీర్షాల వద్దా చేరే అంచులను లెక్కించి కూడితే ‘నాలుగు రెట్ల శీర్షాలు − 8’ వస్తుంది. శీర్షానికి నాలుగు చొప్పున ఉండవలసిన దానిలో మొత్తం మీద 8 లోటు. ఘనంలో ఎనిమిది మూలలు, ఒక్కొక్కదానికి మూడే అంచులు. లోటు సరిగ్గా 8.

ఇప్పుడు కొన్ని గొట్టాలు కలిసే సంధిని తీసుకొని, ప్రతి గొట్టం కొసనూ పెట్టె మూతలా చతుర్భుజాలతో మూసినట్టు ఊహించాలి. ఒక్కొక్క మూతకు నాలుగు మూలలు, మూల వద్ద మూడేసి అంచులు. అంటే మూతకు 4 చొప్పున లోటు. మొత్తం లోటు మాత్రం 8 దాటకూడదు. కాబట్టి మూతల వల్ల అధికంగా వచ్చిన లోటును సంధి తన దగ్గర మిగులుతో పూడ్చాలి. తెరిచిన కొసల సంఖ్య నుంచి రెండు తీసివేసి, నాలుగుతో హెచ్చిస్తే సంధి వద్ద ఉండవలసిన మిగులు వస్తుంది.

ఎల్బోకు రెండు కొసలు, మిగులు సున్న. అందుకే మలుపు ఒక్క విశేషశీర్షం కూడా లేకుండా కుదురుతుంది. టీకి మూడు కొసలు, మిగులు 4. సైకిల్ చట్రంలో హ్యాండిల్ గొట్టానికి రెండు కొసలు, దానిలో చేరే పై గొట్టం, వాలు గొట్టం కలిసి నాలుగు, మిగులు 8. సీటు గొట్టం పై భాగంలో రెండు కొసలు, పై గొట్టం, వెనుక చక్రానికి దిగే రెండు సన్నని ఊచగొట్టాలు కలిసి ఐదు, మిగులు 12. పెడళ్ల ఇరుసు ఉండే అడ్డగొట్టానికి రెండు కొసలు, సీటు గొట్టం, వాలు గొట్టం, వెనుకకు వెళ్లే రెండు గొట్టాలు కలిసి ఆరు, మిగులు 16. అన్నీ చతుర్భుజాలే ఉండాలన్న నియమం ఉన్నంతవరకు ఈ అంకెలను తగ్గించడం ఎవరి తరమూ కాదు.

ఒక త్రిభుజాన్నో పంచభుజాన్నో మధ్యలో ఇరికించి లెక్క తప్పించుకోవచ్చనిపిస్తుంది. కానీ క్యాట్‌మల్-క్లార్క్ పద్ధతిలో మొదటి ఉపవిభజనతోనే ప్రతి ముఖం నడుమ ఒక కొత్త శీర్షం పుడుతుంది. ఆ ముఖానికి ఎన్ని భుజాలున్నాయో దానికి అన్ని అంచులు చేరతాయి. పంచభుజం చోట ఐదు అంచుల శీర్షం వస్తుంది. దాచిన మిగులు తిరిగి బయటపడుతుంది.

5. మిగులును పంచే తీరు:

టీ సంధికి కావలసిన 4 మిగులును రెండు విధాలుగా పంచవచ్చు. ఐదు అంచుల శీర్షాలు నాలుగు గానీ, ఆరు అంచుల శీర్షాలు రెండు గానీ ఉండవచ్చు. ఏది ఎప్పుడన్నది వ్యాసాల నిష్పత్తిని బట్టి తేలుతుంది.

శాఖ సన్ననిదైతే ప్రధానగొట్టం మీద చతుర్భుజాల దీర్ఘచతురస్రాకార గడిని ఎన్నుకొని తొలగించాలి. రెండు వరుసలు, రెండు నిలువులు ఉన్న గడిని తొలగిస్తే చుట్టూ ఎనిమిది శీర్షాల రంధ్రం ఏర్పడుతుంది. ఎనిమిది భుజాల శాఖ అందులో సరిపోతుంది. మూడు మూళ్ల గడికి పన్నెండు, నాలుగు నాలుగుల గడికి పదహారు. వరుసలను, నిలువులను కూడి రెట్టిస్తే శాఖకు ఉండవలసిన భుజాల సంఖ్య వస్తుంది. కాబట్టి అది ఎప్పుడూ సరిసంఖ్యే. గడి నాలుగు మూలలే ఐదు అంచుల శీర్షాలవుతాయి. మిగతావన్నీ క్రమశీర్షాలుగా నిలుస్తాయి.

శాఖ ప్రధానగొట్టంతో సమానమైనదైతే గడికి చోటుండదు. రంధ్రం గొట్టం చుట్టుకొలతలో సగాన్ని ఆక్రమిస్తుంది. పదహారు భుజాల గొట్టం మీద చుట్టూ వెళ్లే ఒక వలయంలో ఎనిమిది వరుస అంచులను చీల్చి, చీలికను తెరిస్తే పదహారు శీర్షాల రంధ్రం వస్తుంది. పదహారు భుజాల శాఖ దానికి సరిపోతుంది. చీలిక రెండు చివరలే ఆరు అంచుల శీర్షాలు. రెండు దీర్ఘవృత్తాల సగాలు కలుసుకొనే బిందువులు కూడా అవే. రేఖాగణితం చూపిన చోటునే అంచుల లెక్క కూడా చూపడం ఇక్కడ గమనించదగిన విషయం. ఆ రెండు చోట్లా రెండు గొట్టాలకూ శీర్షాలు ఉండేలా వాటిని ముందే తిప్పి పెట్టుకోవాలి. భుజాల సంఖ్య నాలుగుతో భాగించబడేదైతే రెండు దిశల్లోనూ సౌష్ఠవం నిలుస్తుంది.

6. బూలియన్ ఉపయోగం, పరిమితి:

రెండు ఘనరూపాలను కలపడానికి, ఒకదాని నుంచి మరొకటి తీసివేయడానికి సాఫ్ట్‌వేర్‌లలో బూలియన్ అనే సాధనం ఉంది. తర్కాన్ని బీజగణితంగా మలచిన జార్జ్ బూల్ పేరే దానికి పెట్టారు. ఈ సాధనం ఖండనరేఖను కచ్చితంగా కనుగొంటుంది. అంచుల పొందికను మాత్రం పట్టించుకోదు. శాఖ అంచులు ప్రధానగొట్టపు ముఖాలను ఎక్కడ తాకితే అక్కడ కొత్త శీర్షాలు పుడతాయి. ఒక ముఖానికి ఏడెనిమిది భుజాలు వస్తాయి. పక్కనే సూదిమొనలాంటి సన్నని ముఖం మిగులుతుంది. ఉపవిభజన చేయగానే ఇవన్నీ ముడతలవుతాయి.

అంతమాత్రాన బూలియన్ పనికిరానిదని కాదు. ఉపవిభజన అవసరం లేని, కదలిక లేని యంత్రభాగాలకూ, మూసిన జాలం మాత్రమే కోరే త్రీడీ ముద్రణకూ అది చాలినంత పని చేస్తుంది. నునుపైన సంధి కావలసినప్పుడు కూడా బూలియన్ ఫలితాన్ని పక్కన ఉంచుకొని, దాని ఖండనరేఖ మీదికి రంధ్రపు శీర్షాలను జరపవచ్చు. రేఖను చూపే పని దానిది. అంచులను కూర్చే పని నిర్మాతది.

7. నిర్మాణక్రమం:

పై విషయాల నుంచి ఒక క్రమం ఏర్పడుతుంది. మొదట వ్యాసాలు, కోణం నిర్ణయించుకోవాలి. తరువాత శాఖ భుజాల సంఖ్య, దానికి తగిన గడి ఎన్నుకోవాలి. లంబ శాఖకు మూడు మూళ్ల గడి బాగుంటుంది. 30 డిగ్రీల శాఖకు అదే పన్నెండు శీర్షాలను రెండు నాలుగుల గడితో తెచ్చి, పొడవైన భుజాన్ని ప్రధానగొట్టం పొడవునా పెడితే ముఖాలు సాగిపోకుండా ఉంటాయి. అప్పుడు గడిని తొలగించి, రంధ్రపు శీర్షాలను సంధిరేఖ మీదికి జరపాలి. ఆ తరువాత శాఖ వలయాన్నీ రంధ్రపు వలయాన్నీ కలపాలి. బ్లెండర్‌లో దీనికి బ్రిడ్జ్ ఎడ్జ్ లూప్స్ అనే ఆదేశం ఉంది. చివరగా సంధిరేఖకు ఇరువైపులా ఒక్కొక్క అదనపు వలయం చేర్చాలి. ఆ వలయాలు దగ్గరగా ఉంటే సంధి పదునుగా, దూరంగా ఉంటే పోతపోసినట్టు గుండ్రంగా కనిపిస్తుంది.

విశేషశీర్షాలను ఎక్కడ ఉంచాలన్నది ఇందులో కీలకం. ఏటవాలు సంధిలో రెండు గొట్టాలూ ఇరుకుగా కలిసే చంక భాగంలో వంపు అత్యంత తీవ్రం. అక్కడ గడి మూల పడితే నొక్కు స్పష్టంగా కనిపిస్తుంది. గడి భుజం మధ్యభాగం చంక వైపు ఉండేలా చూస్తే నాలుగు మూలలూ పక్కలకు, వంపు తక్కువున్న చోటికి తొలగుతాయి.

మరొక జాగ్రత్త కొలతకు సంబంధించినది. ఉపవిభజన గొట్టాన్ని నునుపు చేస్తూనే సన్నబరుస్తుంది. ఎనిమిది భుజాల గొట్టం వ్యాసార్ధం తొలి విలువలో సుమారు 90.2 శాతానికి, పన్నెండు భుజాలది 95.5 శాతానికి, పదహారు భుజాలది 97.5 శాతానికి చేరుతుంది. పదహారు భుజాల ప్రధానగొట్టానికి ఎనిమిది భుజాల శాఖను కలిపితే రెండూ వేర్వేరు నిష్పత్తుల్లో తగ్గుతాయి. సైకిల్ పై గొట్టం 25.4 మిల్లీమీటర్లుగా మిగలాలంటే, ఎనిమిది భుజాలతో చేసినప్పుడు దానిని సుమారు 28.1 మిల్లీమీటర్లతో మొదలుపెట్టాలి. ఈ దిద్దుబాటు చేసిన తరువాతే సంధిరేఖను లెక్కించాలి.

8. ముగింపు:

గొట్టాల సంధిలో కనిపించే లోపాలన్నీ ఒకే రకమైనవి కావు. వలయాన్ని సాగదీయకపోవడం, భుజాల సంఖ్యలు కుదరకపోవడం, గడి మూల చంకలో పడటం, ఉపవిభజనలో తగ్గుదలను లెక్కించకపోవడం అనేవి దిద్దుకోదగిన లోపాలు. టీ సంధిలో ఐదు అంచుల శీర్షాలు నాలుగు ఉండటం లోపం కాదు. అది ఆ రూపపు స్వభావం. ఈ రెంటికీ భేదం తెలియనప్పుడు విద్యార్థి తొలగించలేనిదాన్ని తొలగించే ప్రయత్నంలో గంటలు వెచ్చిస్తాడు, తొలగించదగినదాన్ని గమనించడు. సంధిని పరిశీలించేటప్పుడు ముందుగా తెరిచిన కొసలను లెక్కించి, ఉండవలసిన మిగులెంతో తెలుసుకొని, జాలంలో ఉన్నదానితో పోల్చిచూడటం ప్రయోజనకరం. ఉన్న మిగులు అంతే అయితే ఇక చూడవలసింది స్థానం. అంతకంటే ఎక్కువైతే ఎక్కడో మూడు అంచుల శీర్షమో, త్రిభుజమో దానికి జంటగా దాగి ఉంటుంది. దానిని వెదికి సరిచేయవచ్చు.

ఈ వివరణకు అవసరమైన శీర్షం, అంచు, ముఖం, వ్యాసం, దీర్ఘవృత్తం వంటి మాటలు తెలుగు పాఠ్యపుస్తకాలలో స్థిరపడినవే. సాధనాల పేర్లు ఇంగ్లీషువే అయినా, వాటి వెనుక ఉన్న కారణాన్ని తెలుగులో బోధించడానికి పరిభాష అడ్డంకి కాదని ఈ పరిశీలన వల్ల స్పష్టమవుతున్నది.